కార్బన్ నానోట్యూబు చుట్టుకుంటుందా, మొలుస్తుందా?

ప్రశ్న: కెమిస్ట్రీ మేడమ్, గుంటూరు

నమస్కారం. నేను గుంటూరులోని ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. కిందటి వారం చివరి సంవత్సరం తరగతిలో కార్బన్ రూపాంతరాల గురించి చెబుతూ, నేను చదువుకున్న రోజుల్లో మా గురువులు చెప్పినట్టే, గ్రాఫీన్ పలకను (ఒక్క పరమాణువు మందాన షడ్భుజుల వలలా ఉండే కార్బన్ పొరను) చాప చుట్టినట్టు చుట్టి రెండు అంచులనూ కలిపితే కార్బన్ నానోట్యూబు అవుతుందని బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "ఆ చాపను చుట్టేది ఎవరు మేడమ్?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి పాఠం ముందుకు నడిపించాను గానీ, ఇంటికి వెళ్ళే దారిలో ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

మా పాఠ్యపుస్తకంలో 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా బహుళగోడల గొట్టాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపిన సంగతి ఉంది, 1993లో ఒంటిగోడ గొట్టాలు దొరికిన సంగతి ఉంది, వాటి బలం గురించీ విద్యుద్వాహకత గురించీ రెండు పేజీలు ఉన్నాయి. పుట్టుక గురించి మాత్రం "లోహ ఉత్ప్రేరకం సమక్షంలో ఏర్పడతాయి" అన్న ఒక్క వాక్యమే ఉంది. నిజంగా ముందు పలక ఏర్పడి, తరవాత అది చుట్టుకుంటుందా? లోహం అక్కడ చేసే పని ఏమిటి? చిన్నప్పుడు మా అమ్మమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక పట్టేది. అదీ కార్బనే, అదీ వేడిలో పుట్టినదే, మరి అందులో గొట్టాలు ఎందుకు మొలవవు? ఒక్కొక్క గొట్టానికి ఇంత వ్యాసం, ఇంత మెలిక అని నిర్ణయమయ్యేది ఏ క్షణంలో? ఈ పని చేతులతో చేసినవారు ఎవరైనా ఉంటే వివరించవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: కృష్ణాతీరం, విజయవాడ

మేడమ్ గారికి నమస్కారం. నేను ఐదేళ్ళపాటు క్వార్ట్జ్ గొట్టం ముందు కూర్చుని వీటిని పెంచినవాణ్ణి, కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఆ చాపను ఎవరూ చుట్టరు. చాప బొమ్మ గొట్టం ఆకారాన్ని వర్ణించడానికీ, మెలికను రెండు అంకెలలో చెప్పడానికీ పనికి వస్తుంది. పుట్టుకకు దానితో సంబంధం లేదు. గొట్టం ఒక కొసన మొలకెత్తి, పరమాణువు తరవాత పరమాణువు చేరుతూ పొడవు అవుతుంది. ఏ దశలోనూ అది పరిచిన పలకగా ఉండదు.

మేము చేసిన పద్ధతినే ఉదాహరణగా తీసుకుంటాను. సిలికాన్ బిళ్ళ మీద సుమారు 10 నానోమీటర్ల మందాన అల్యూమినా పొర, దాని మీద ఒక్క నానోమీటరు మందాన ఇనుము పొర వేస్తారు. అల్యూమినా లేకపోతే ఇనుము సిలికాన్‌తో కలిసిపోయి సిలిసైడ్‌గా మారి పనికి రాకుండా పోతుంది. ఆ బిళ్ళను హైడ్రోజన్ ప్రవాహంలో 750 డిగ్రీల దాకా వేడి చేసేసరికి, చేమాకు మీద పోసిన నీరు బొట్లుబొట్లుగా విడిపోయినట్టు, ఇనుప పొర చిన్న చిన్న గుళికలుగా విడిపోతుంది. రెండు నానోమీటర్ల గుళికలో ఉండేవి దాదాపు 350 ఇనుప పరమాణువులు మాత్రమే. ఒక నానోమీటరుదైతే నలభై పైచిలుకు. మొక్క వచ్చే విత్తనం ఇదే.

ఇప్పుడు ఇథిలీన్ గానీ అసిటిలీన్ గానీ లోపలికి వదిలితే, ఆ అణువులు గుళిక ఉపరితలం మీద విరిగి, హైడ్రోజన్ వాయువుగా పోయి, కార్బన్ మిగులుతుంది. ఆ కార్బన్ కొంత లోహంలో కరుగుతుంది, కొంత ఉపరితలం మీదే తిరుగుతుంది. చిక్కటి పాకంలో కలకండ పలుకులు కట్టడానికి ముందు కొంతసేపు ఏమీ కనబడనట్టే ఇక్కడా కొంత విరామం ఉంటుంది. కరగగలిగిన దానికంటే ఎక్కువ కార్బన్ చేరి గుళిక అతిసంతృప్తమయ్యాక, ఉపరితలం మీద ముందు చిన్న గొలుసులు, తరవాత వలయాలు, ఆపైన వలయాల ముద్దలు కనిపిస్తాయి. చిన్న ముద్దలు చాలావరకు మళ్ళీ కరిగిపోతాయి. ఒక పరిమాణం దాటినది నిలబడుతుంది. న్యూక్లియేషన్ అని మనం పిలిచేది ఈ నిలబడడాన్నే.

నిలబడిన ఆ ముద్ద ముందు రెండు దారులు ఉంటాయి. గుళిక మీద అతుక్కునే పాకుతూ పోయి దాన్ని పూర్తిగా కప్పివేయడం ఒకటి. అలా జరిగితే గుళిక కార్బన్ పెంకులో సమాధి అవుతుంది, వాయువు మళ్ళీ లోహాన్ని తాకదు, కథ అక్కడికి ముగుస్తుంది. అంచులు మాత్రం లోహాన్ని పట్టుకుని ఉండగా, నడిమి భాగం టోపీలా పైకి లేవడం రెండోది. పూరీ నూనెలో పొంగేటప్పుడు అంచు అతుక్కుని ఉండి నడుమ లేచినట్టు ఊహించుకోండి. పోలిక అంతవరకే, లోపల ఆవిరి ఏమీ ఉండదు. చిన్న గుళిక మీద పొర పూర్తిగా వంగి అతుక్కోవాలంటే వంపు వల్ల చాలా శక్తి ఖర్చవుతుంది. టోపీ లేచి నిటారు గోడగా సాగితే అంతకు మించి వంగవలసిన అవసరం ఉండదు. పొరకూ లోహానికీ మధ్య ఉన్న అతుకుడు ఈ వంపు ఖర్చుకు ఓడిపోయిన చోట టోపీ లేస్తుంది. రాగి రేకు మీద ఇదే పని చేస్తే వంగవలసిన అవసరమే లేక గ్రాఫీన్ బల్లపరుపుగా పరుచుకుంటుంది.

టోపీ లేచాక కొత్త పరమాణువులు చేరేది దాని అంచుకూ లోహానికీ మధ్యనున్న సందులోనే. తల వెంట్రుక కుదురు దగ్గర పెరిగి పాత భాగాన్ని బయటికి తోసినట్టు, ముందు పుట్టిన టోపీ పైపైకి పోతుంది. ఇనుము అల్యూమినాను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి మా గుళికలు అడుగునే ఉండిపోయేవి. పట్టు బలహీనంగా ఉన్న చోట గుళికే గొట్టం కొసన కూర్చుని పైకి లేస్తుంది. తాపీమేస్త్రీ తాను కట్టిన గోడ మీదే నిలబడి పై వరస పేర్చుకుంటూ పోయినట్టు ఉంటుంది ఆ రెండో పద్ధతి. రెండింటిలోనూ ఇటుక పడేది లోహం పక్కనే.

కాటుక విషయానికి వస్తే, మంటలో నూనె విచ్ఛిన్నమై చిన్న చిన్న బెంజీన్ వలయాల అణువులు ఏర్పడి, అవి ఒకదానితో ఒకటి అతికి పెద్దవై, వంగి, పొరల మీద పొరలుగా పదుల నానోమీటర్ల ఉండలు కడతాయి. పెరుగుతున్న అంచును తెరిచి పట్టుకునే చెయ్యి అక్కడ లేదు. కార్బన్ అంచులో చెయ్యి కలపని బంధాలు ఉంటాయి. అవి వీలైనంత త్వరగా ఒకదానితో ఒకటి కలిసి మూసుకోవాలని చూస్తాయి. లోహం ఆ బంధాలను తాత్కాలికంగా తానే పట్టుకుని, కొత్త పరమాణువు రాగానే వదిలి దానికి అప్పగిస్తుంది. అదే మంటలోకి ఇనుము ఆవిరిని పంపితే నానోట్యూబులు వచ్చిన ప్రయోగాలు ఉన్నాయి. మీ అమ్మమ్మగారి పళ్ళేన్ని తప్పు పట్టడానికి లేదు.

జవాబు: కొలిమి, గుంటూరు

పైన రాసినదాంట్లో చాలా భాగంతో నాకు ఏకీభావమే. అయితే "కరుగుతుంది", "అతిసంతృప్తమవుతుంది" అన్న మాటలను ఇంత నిశ్చింతగా వాడడం మీద ఉక్కు పరిశ్రమలో ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణిగా నాకు కొంత అభ్యంతరం ఉంది.

ఆ చిత్రం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో వాగ్నర్, ఎలిస్ అనేవారు సిలికాన్ మీసాలను, అంటే సన్నని స్ఫటిక తీగలను, పెంచుతూ, బంగారపు ద్రవ బొట్టు వాయువులోని సిలికాన్‌ను మింగి అడుగున స్ఫటికంగా విడుస్తుందని చూపారు. 1970ల ఆరంభంలో బ్రిటన్‌లో బేకర్, ఆయన సహచరులు నికెల్ గుళికల మీద అసిటిలీన్ వదిలి, కార్బన్ పోగులు పెరగడాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కళ్ళారా చూస్తూ వేగాన్ని కొలిచారు. పెరుగుదలకు వచ్చిన ఉత్తేజన శక్తి, నికెల్ గుండా కార్బన్ వ్యాపించడానికి కావలసిన ఉత్తేజన శక్తితో సరిపోయింది. అందుచేత కార్బన్ లోహం కడుపులోంచే ప్రయాణిస్తుందని వారు నిర్ణయించారు. అసిటిలీన్ విడిపోవడం ఉష్ణమోచకం కనుక గుళిక ముందు ముఖం వేడిగా, వెనక ముఖం చల్లగా ఉండి, వేడి వైపు కరిగినది చల్లని వైపు బయటపడుతుందని వివరణ ఇచ్చారు. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ మీథేన్ విడిపోవడం ఉష్ణగ్రాహకం. ఆ లెక్కన మీథేన్‌తో పోగులు పెరగకూడదు, పెరుగుతున్నాయి. వేడి తేడా కంటే కార్బన్ గాఢతలోని తేడాయే అసలు చోదకమని తరవాతివారు అనవలసి వచ్చింది.

ఇక ద్రవమా ఘనమా అన్న తగాదా. పెద్ద ముద్దగా ఉన్న ఇనుము, కార్బన్ కలిసి ఎంత తక్కువలో కరిగినా 1147 డిగ్రీలకు తక్కువ కరగవు. మీ ఫర్నేస్ 750 డిగ్రీలు. చిన్న గుళికకు ద్రవీభవన స్థానం తగ్గుతుందన్నది నిజమే, రెండు మూడు నానోమీటర్ల దగ్గర బాగానే తగ్గుతుంది. అయినా ఆ మాట అన్నింటికీ అతికించకూడదు. 2004లో డెన్మార్క్‌లోని హాల్డర్ టాప్సో సంస్థలో హెల్వెగ్ బృందం మీథేన్ వాతావరణంలో నికెల్ గుళికను మైక్రోస్కోపులో చూసినప్పుడు, అది ఆసాంతం స్ఫటికంగానే ఉంది. ఆకారం మాత్రం కుదురుగా లేదు. పెరుగుతున్న కార్బన్ గోడల మధ్య గుళిక పొడుగ్గా సాగి, చివరికి ఒక్క కుదుపుతో మళ్ళీ గుండ్రంగా ముడుచుకుంటోంది. కొత్త కార్బన్ పొరలు మొదలయ్యేది నికెల్ ఉపరితలం మీద ఒక పరమాణువు ఎత్తుండే మెట్ల దగ్గర. కార్బన్ ఆ మెట్ల వైపు ఉపరితలం మీదుగానే ప్రవహిస్తోందని వారి లెక్క. 2008లో జపాన్ పరిశోధకులు ఇనుముతో చేసిన ఇలాంటి ప్రయోగంలో గుళిక ఇనుముగా కూడా లేదు, సిమెంటైట్ అనే ఇనుప కార్బైడ్ స్ఫటికంగా మారి ఉంది.

కనుక తరగతిలో లోహం పాత్ర చెప్పేటప్పుడు "కరిగించుకుని కక్కుతుంది" అని ఒక్క మాటలో తేల్చివేయకండి. నికెల్‌కు ఒక నడక, ఇనుముకు ఒక నడక, 500 డిగ్రీల దగ్గర ఒకటి, 1000 డిగ్రీల దగ్గర ఇంకొకటి. లేజరు పద్ధతిలో గ్రాఫైటునూ లోహాన్నీ కలిపి ఆవిరి చేసే 1200 డిగ్రీల కొలిమిలో ద్రవ బొట్టు అంటే నేనూ ఒప్పుకుంటాను.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు పదిహేడో శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను ఆమ్లంలో కరిగించి, మిగిలిన దానిలో కార్బన్ నానోట్యూబులు, సిమెంటైట్ తీగలు కనిపించాయని ప్రకటించారు. ఆ కత్తులకు వాడిన మూస ఉక్కు దక్షిణ భారతం నుంచి వెళ్ళినది, మన తెలుగునాట కోనసముద్రం అందుకు పేరుమోసిన ఊరు. ఆ గొట్టాలు కత్తిలో ఎలా పుట్టాయన్నదాని మీద లోహశాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. మన కమ్మరులకు నానో విజ్ఞానం తెలుసునని వాట్సాప్‌లో తిరిగే సందేశాలను విద్యార్థులు తెచ్చి చూపిస్తే, ఇనుమూ కార్బనూ కలిసి వేడెక్కి చల్లారే చోట ఇలాంటివి మొలవడం వింత కాదని మాత్రం చెప్పండి.

కెమిస్ట్రీ మేడమ్, గుంటూరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఉష్ణగ్రాహక చర్య అయిన మీథేన్ విచ్ఛేదనతో కూడా పోగులు పెరుగుతాయన్న ఒక్క విషయం చాలు, ఉష్ణరసాయనం పాఠంలో కూడా నేను దీన్ని వాడుకోగలను.

నా చివరి సందేహానికి మాత్రం ఇంకా పూర్తి సమాధానం దొరకలేదు. టోపీ లేస్తుంది సరే. ఆ టోపీ వంగడానికి షడ్భుజులు సరిపోవు గదా, పంచభుజులు కావాలని ఫుల్లరీన్ (బంతిలా మూసుకున్న కార్బన్ అణువు) పాఠంలో చెబుతాము. గొట్టానికి ఎన్ని కావాలి? గుళిక వ్యాసం ఒకటే అయితే గొట్టాలన్నీ ఒకే మెలికతో రావాలి గదా, మరి ప్రయోగశాలల్లో పది రకాలు కలగలిసి ఎందుకు వస్తున్నాయి?

జవాబు: లెక్కల మాస్టారు, సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మా, నేను రసాయనం మనిషిని కాను, ఉద్యోగ విరమణ చేసిన గణిత ఉపాధ్యాయుణ్ణి. అయినా ఈ భాగం జ్యామితిది కాబట్టి చొరవ తీసుకుంటున్నాను.

షడ్భుజుల గడి ఉన్న కాగితం తీసుకుని, ఏదో ఒక షడ్భుజి కేంద్రం నుంచి 60 డిగ్రీల ముక్కను కోసి తీసేసి అంచులు అతికించండి. ఆ షడ్భుజి పంచభుజి అవుతుంది, కాగితం శంకువు అవుతుంది. అంటే ప్రతి పంచభుజీ పలక నుంచి 60 డిగ్రీలను మింగుతుంది. ఆరు పంచభుజులు కలిసి 360 డిగ్రీలను మింగితే శంకువుకు వాలు అన్నది మిగలదు, గోడలు సమాంతరమవుతాయి. అదే గొట్టం. ఆరుకు తక్కువైతే గోడ విప్పారుతూ పోయే శంకువు, ఎక్కువైతే ముడుచుకుపోయే బుడ్డి, పన్నెండు అయితే పూర్తిగా మూసుకున్న ఫుల్లరీన్. ఆయిలర్ సూత్రం నుంచి రాబట్టినా ఇదే లెక్క వస్తుంది. ఆరు కోతలనూ ఒకే బిందువు దగ్గర కోయలేము, ఎందుకంటే కాగితమే మిగలదు. వాటిని వేరువేరు చోట్ల కోయాలి, ఎక్కడెక్కడ కోస్తామన్న దాని మీదే గొట్టం చుట్టుకొలత, మెలిక రెండూ ఆధారపడతాయి.

మేదరివారు బుట్ట అల్లడం చూసే ఉంటారు. ముందు అడుగు అల్లుతారు. అడుగులో ఎన్ని బద్దలు ఎలా అమర్చారో దాన్ని బట్టి, బద్దలను పైకి వంచినప్పుడు బుట్ట చుట్టుకొలత వస్తుంది. గోడ సగానికి వచ్చాక చుట్టుకొలత మార్చాలంటే అల్లిక చెడగొట్టక తప్పదు. మన గొట్టానికి టోపీ అన్నది ఆ బుట్ట అడుగు. ఒక టోపీకి సరిపడే గొట్టం ఒక్కటే ఉంటుంది. ఒక గొట్టానికి సరిపడే టోపీలు మాత్రం చాలా ఉండవచ్చు. అరవై పరమాణువుల ఫుల్లరీన్‌ను పంచభుజి పైకి ఉండేలా పట్టుకుని సగానికి కోస్తే వచ్చే ముప్పై పరమాణువుల టోపీ (5,5) అనే గొట్టానికి సరిపోతుంది (బ్రాకెట్లలోవి చాప బొమ్మలో మెలికను చెప్పే ఆ రెండు అంకెలే). గొట్టం లావు అయ్యేకొద్దీ ఆరు పంచభుజులను అమర్చే మార్గాలు విపరీతంగా పెరుగుతాయి. ఆరో పంచభుజి ఎక్కడ పడిందన్నదే మీరు అడిగిన నిర్ణయ క్షణం.

గుళిక వ్యాసం ఒక్కటే చాలదనడానికి చిన్న లెక్క చూపిస్తాను. గొట్టం వ్యాసం రావాలంటే రెండు అంకెల వర్గాలనూ వాటి లబ్ధాన్నీ కూడి, వర్గమూలం తీసి, 0.246 నానోమీటర్లతో హెచ్చించి, పై విలువతో భాగించాలి. (6,5) గొట్టానికి 36, 30, 25 కలిపితే 91. (9,1) గొట్టానికి 81, 9, 1 కలిపినా 91. రెండింటి వ్యాసమూ అణుమాత్రం తేడా లేకుండా 0.75 నానోమీటర్లే, మెలికలు మాత్రం వేరు. గుళిక లావును ఎంత ఖచ్చితంగా అదుపు చేసినా ఈ రెండింటిలో ఏది మొలవాలో అది చెప్పలేదు. పైగా అంకెల తేడా మూడుతో నిశ్శేషంగా భాగింపబడితే గొట్టం లోహంలా, లేకపోతే అర్ధవాహకంలా ప్రవర్తిస్తుంది కాబట్టి, ఒక్క పంచభుజి పక్కకు జరిగినా గొట్టం జాతకమే మారిపోవచ్చు.

పెరిగే వేగానికి కూడా ఇదే అల్లిక వర్తిస్తుందని 2009లో అమెరికాలో యాకబ్సన్ బృందం ఒక సిద్ధాంతం చెప్పింది. మెలిక లేని జిగ్‌జాగ్ గొట్టం అంచు అన్ని వైపులా సమంగా ఉంటుంది. ఒక వరస పూర్తి కాగానే కొత్త వరసకు మొదటి ముడి వేయడం కష్టం. మెలిక ఉన్న గొట్టం అంచులో మెట్లు ఉంటాయి. చుట్టు అల్లికలో బద్ద ఆగకుండా ఎక్కుతూ పోయినట్టు కొత్త పరమాణువుకు ఎప్పుడూ ఒక మూల సిద్ధంగా ఉంటుంది. మెలిక కోణం పెరిగేకొద్దీ మెట్లు పెరిగి, వేగం పెరగాలి. 2012లో ఒక్కొక్క గొట్టం పెరుగుదలను రామన్ వర్ణపటంతో వెంబడించి కొలిచినవారికి వేగం కోణంతోపాటు పెరగడం కనిపించింది. మన దేశపు రామన్ పేరున్న కొలత ఇక్కడ పనికి వచ్చిందని నాకు ఒకింత సంతోషం కలిగింది.

జవాబు: కృష్ణాతీరం, విజయవాడ

మాస్టారి బుట్ట పోలిక నేను ఇంతకాలం వాడుకున్న వాటన్నిటికంటే బాగుంది, నా పూరీని వెనక్కి తీసుకుంటున్నాను. కొలిమి గారి అభ్యంతరాన్నీ అంగీకరిస్తున్నాను. నేను చూసినవి ఫర్నేస్ చల్లారాక మిగిలిన గుళికలు మాత్రమే, పని చేస్తుండగా వాటి స్థితి ఏమిటో చల్లారినవాటిని చూసి చెప్పడం న్యాయం కాదు.

ఒక చిన్న చేర్పు. గోడ మధ్యలో చుట్టుకొలత మారాలంటే అల్లిక చెడాలన్నారు. నిజంగా అప్పుడప్పుడు చెడుతుంది. ఒక పంచభుజి, ఒక సప్తభుజి జంటగా పడితే అక్కడి నుంచి గొట్టం వేరే మెలికతో సాగుతుంది. పంచభుజి మింగిన 60 డిగ్రీలను సప్తభుజి తిరిగి ఇస్తుంది కనుక గొట్టం మూసుకోదు గానీ జాతి మారుతుంది. ఉష్ణోగ్రత ఊగిసలాడితే ఇది ఎక్కువ. మా దగ్గర వేసవిలో కరెంటు ఎగుడుదిగుళ్ళ నడుమ పెంచిన గొట్టాలను చూసి మా మార్గదర్శకులు "ఇవి నానోట్యూబులా, కొడవళ్ళా?" అని అడిగేవారు.

ఇక వేగం లెక్క మీ విద్యార్థులకు నచ్చుతుంది. (10,10) గొట్టంలో ప్రతి 0.246 నానోమీటర్ల పొడవుకూ 40 పరమాణువులు ఉంటాయి. సెకనుకు ఒక మైక్రోమీటరు పెరిగితే ఆ గుళిక సెకనుకు లక్షా అరవై వేలకు పైగా కార్బన్ పరమాణువులను, షడ్భుజి తప్పకుండా, అంచులో కూర్చోబెడుతోందన్నమాట. 2004లో జపాన్‌లో హాటా బృందం ఇథిలీన్‌లో లవలేశం నీటి ఆవిరి కలిపి పది నిమిషాల్లో 2.5 మిల్లీమీటర్ల ఎత్తు గొట్టాల అడవిని పెంచింది, అంటే సెకనుకు నాలుగు మైక్రోమీటర్లకు పైమాటే. నీరు చేసే పని గుళిక మీద పేరుకునే పిచ్చి కార్బన్‌ను ఎప్పటికప్పుడు తినివేసి, లోహం ముఖాన్ని శుభ్రంగా ఉంచడం. గుళికలు ఒకదాన్నొకటి మింగి పెద్దవి కావడాన్ని కూడా అది కొంత ఆపుతుంది.

ఆ నీటితో నాకు వేరే అనుభవం ఉంది. మొదటి ఏడాది మా గొట్టాల ఎత్తు ఒక వారం బాగా వచ్చేది, మరో వారం అసలు మొలిచేవే కావు. ఇనుము పొరను అనుమానించాము, ఆర్గాన్ సిలిండరును మార్చాము, క్వార్ట్జ్ గొట్టాన్ని ఆమ్లంతో కడిగాము. నెలల తరబడి రాసుకున్న పట్టికను ఒక రోజు తిరగేస్తుంటే, పనికిమాలిన వారాలన్నీ కృష్ణకు వరద వచ్చిన రోజుల పక్కనే ఉన్నట్టు కనిపించింది. వానాకాలపు గాలిలోని తేమ, వాయువు తెచ్చే ప్లాస్టిక్ గొట్టాల అతుకుల్లోంచి లోపలికి చేరుతోంది. కొద్ది తేమ మేలు చేస్తుంది, ఎక్కువైతే గుళికను ఆక్సీకరణం చేసి చంపుతుంది. ఆ తరవాత స్టీలు గొట్టాలు వేయించుకుని, తేమను కొలిచి పంపడం మొదలుపెట్టాము. ఒకే వంటకం ఒక ప్రయోగశాలలో కుదిరి మరో చోట కుదరకపోవడానికి ఇలాంటి కారణాలు చాలానే ఉంటాయి.

అసలు లోహమే లేకుండా గొట్టాలు పుట్టవా అని ఎవరైనా అడిగితే, పుడతాయనే చెప్పాలి. ఇజిమా 1991లో చూపినవి ఆర్గాన్ వాయువులో రెండు గ్రాఫైటు కడ్డీల మధ్య విద్యుత్ చాపం వెలిగించినప్పుడు రుణ కడ్డీ మీద పేరుకున్న పొడిలోనివి, వాటిలో లోహం కలపలేదు. అక్కడ వేల డిగ్రీల వేడి ఉంటుంది, వచ్చేవి బహుళగోడల గొట్టాలు. పక్కపక్క గోడల అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని తెరిచి ఉంచుతాయని ఒక వివరణ. ఒంటిగోడ గొట్టానికి అలా ఆసరా ఇచ్చే పక్కగోడ లేదు. 1993లో ఇజిమా బృందం ఇనుమునూ, అమెరికాలో బెథూన్ బృందం కోబాల్టునూ కడ్డీలో చేర్చాకనే ఒంటిగోడవి కనిపించాయి.

మెలికను ముందే నిర్ణయించే పని కూడా కొంత సాగింది. 2014లో చైనాలో టంగ్‌స్టన్, కోబాల్టు కలిసిన ఘన స్ఫటిక గుళికల మీద (12,6) గొట్టాలను 92 శాతానికి పైగా రాబట్టారు. గుళిక కరగకుండా తన ముఖం అమరికను నిలుపుకోవడమే అక్కడి కిటుకు. ఘన గుళిక పక్షాన వాదించిన కొలిమి గారికి ఇది నచ్చుతుంది.

చివరగా ఒక హెచ్చరిక. మన దేశంలో సి.ఎన్.ఆర్. రావు గారి బృందం బెంగళూరులో 1990ల చివర్లో ఫెరోసీన్ వంటి పదార్థాలను వేడి చేసి, లోహమూ కార్బనూ ఒకే అణువులోంచి వచ్చేలా గొట్టాలు పెంచింది. అంతర్జాలంలో ఆ పద్ధతికి సులువైన వంటకాలు దొరుకుతాయి. డిగ్రీ ప్రయోగశాలలో దయచేసి ప్రయత్నించవద్దు. మండే ఆవిరి, హైడ్రోజన్, ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నని పొడి, ఈ మూడూ పొగగూడు సరిగా లేని గదిలో ఉండకూడదు. మాస్టారి కాగితం కోతే మీకు మేలు.

కెమిస్ట్రీ మేడమ్, గుంటూరు

కాగితం కోతనే నిన్న తరగతిలో చేయించాను. 60 డిగ్రీల ముక్కలు ఆరు కోసి అతికించడం చేతికి కుదరక, అట్టతో పంచభుజులూ షడ్భుజులూ కత్తిరించి టేపుతో అతికించే పద్ధతికి మారాము. నడుమ ఒక పంచభుజి, దాని చుట్టూ ఐదు షడ్భుజులు, తరవాతి వరసలో పంచభుజి, షడ్భుజి ఒకటి విడిచి ఒకటిగా ఐదేసి పెట్టేసరికి టోపీ తయారైంది. అక్కడి నుంచి షడ్భుజులు మాత్రమే చేరుస్తూ పోతే గోడ నిటారుగా దిగింది. చాప బొమ్మను బోర్డు మీద ఒక మూల ఉంచాను, అంకెలు వివరించడానికి. పుట్టుక గురించి చెప్పేటప్పుడు దాన్ని చెరిపివేశాను.

నాలుగు జట్లలో మూడింటి గొట్టాలు బాగానే వచ్చాయి. నాలుగో జట్టు, షడ్భుజులు అయిపోవడంతో, గోడ మూడో వరసలో ఒక పంచభుజిని పెట్టి సరిపెట్టుకుంది. రెండు వరసలు గడిచేసరికి గొట్టం మూతి ఒక పక్కకు ఒరిగి సన్నబడిపోయింది. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి ఆ జట్టులోనే ఉంది. దాన్ని విప్పబోతున్న స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, "వద్దే, ఇక్కడ దీనికి ఏడోది పడింది" అని, ఆ పంచభుజి మీద ఎర్ర సిరాతో ఏడు అంకె వేసి నా బల్ల మీద పెట్టింది.